కొవ్వొత్తి స్టాండు మీద మైనం

ఇత్తడి తోమడం నాకు మా అమ్మమ్మ నేర్పింది. మా ఊరి మిషన్ చర్చిలో బల్ల మీద రెండు ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు, ఒక సిలువ, రొట్టె పెట్టే పళ్లెం ఉండేవి. శనివారం ఉదయం వాటిని తోమే హక్కు అమ్మమ్మది. హక్కు అనే అంటున్నాను. ఒకసారి ఇంకొకావిడ ముందుగా వచ్చి తోమేస్తే అమ్మమ్మ ఆ ఆదివారం ఒక్క పాటకీ నోరు తెరవలేదు. నానబెట్టిన చింతపండు, రాళ్ల ఉప్పు, కొబ్బరి పీచు, ఇవీ సరంజామా. ముందు మరిగే నీళ్లు పోసి మైనం కరిగించాలి. సందుల్లో మిగిలింది తలపిన్నుతో గీకాలి. అప్పుడు చింతపండు పట్టించి రుద్దాలి. కడిగాక గాలికి ఆరనివ్వకూడదు, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే మచ్చలు పడతాయి. పదేళ్లు వచ్చేసరికి ఇదంతా నాకు వచ్చేసింది. ఈ ఒక్క పనిలో నాకెవరూ వంక పెట్టలేరని కాస్త గర్వం కూడా ఉండేది.

నాకు ఇంకో గుణం కూడా ఉంది. ఎవరికైనా మంచి చెయ్యాలనిపిస్తే వాళ్లని అడగను. అడిగితే వద్దంటారేమోనని ముందే చేసేస్తాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు మా నాన్న పాత డైరీలన్నీ చెదలు పడుతున్నాయని పాతసామాన్లవాడికి వేసేశాను. నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. నీకు చేతులు ముందు పుట్టి బుర్ర తర్వాత పుట్టిందని అమ్మ అంటూ ఉండేది. అప్పుడు నవ్వేదాన్ని.

నేను కెనడా వచ్చి సార్నియా కాలేజీలో చేరిన ఏడాది క్లాసులోకి వెళ్తే గుంటూరులో కోచింగ్ సెంటర్లో కూర్చున్నట్టే ఉండేది. ముందు వరసలో తెలుగు, వెనక వరసలో పంజాబీ, మధ్యలో ఎవరో ఒక కెనడా అబ్బాయి దారి తప్పి వచ్చినట్టు చూస్తూ ఉండేవాడు. ఊరేమో చిన్నది. ఒకవైపు నది, నదికి అవతల అమెరికా, ఇంకోవైపు కెమికల్ ఫ్యాక్టరీల గొట్టాలు. అంతమంది ఒక్కసారిగా వచ్చిపడితే ఇళ్లెక్కడివి? మేం ఎనిమిది మంది ఆడపిల్లలం ఒక బేస్‌మెంట్లో ఉండేవాళ్లం. స్నానానికి వంతు, రైస్ కుక్కర్‌కి వంతు, ఏడవాలన్నా ఖాళీ మూల దొరకాలి. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కారు లేని మనిషికి అక్కడ కాళ్లు లేనట్టే.

ఆదివారం చర్చికి నడిచి వెళ్లేదాన్ని, నలభై నిమిషాలు. దగ్గర్లో ఉన్న చర్చి అదొక్కటే. అందులో అందరూ ఎప్పుడో హాలండ్ నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబాల ముసలివాళ్లు. డిసెంబరులో ఒక ఆదివారం నేను గుమ్మంలో మంచు దులుపుకుంటుంటే ఒకావిడ వంగి నా బూట్లు తడిమి చూసింది. నిజంగానే తడిమింది, కళ్లు సరిగా కనపడవు కాబట్టి. లోపలంతా తడి. ఎక్కడుంటావని అడిగింది, చెప్పాను. ఎంతమందని అడిగింది, అదీ చెప్పాను. ఆరాధన అయ్యేలోపు ఆవిడ ఆలోచించుకున్నట్టుంది. బయటికి వచ్చేటప్పుడు తన ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందని, తనకి ఉత్తరాలు చదివిపెట్టే మనిషి కావాలని, వచ్చే శనివారం సామాను తెచ్చుకొమ్మని చెప్పింది. నా చదువేమిటి, కులగోత్రాలేమిటి అని అడగలేదు. తర్వాత ఎప్పుడో అడిగితే, బూట్లు తడిగా ఉన్నాయి కదా అంది.

ఆవిడకి అప్పుడు ఎనభై నాలుగేళ్లు. పొడుగు మనిషి, తుంటి నొప్పి వల్ల కాస్త పక్కకి ఒరిగి నడిచేది. నేను ఆంటీ అంటే, నీకు నేను ఆంటీని కాదు, పేరు పెట్టి పిలువు అంది. అమ్మమ్మ వయసావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. రెండు వారాలు ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చాను. పక్క గదిలో ఉంటే దగ్గడం, ఎదురుగా ఉంటే మాట మొదలుపెట్టడం. చివరికి పేరు చివర గారు తగిలించి పిలిచాను. అదేమిటని అడిగింది, మర్యాద అన్నాను. మర్యాదకి అభ్యంతరం లేదంది. తర్వాత చర్చిలో తన స్నేహితురాళ్లకి, ఈ అమ్మాయి నాకు బిరుదు ఇచ్చిందని చెప్పుకుంది.

ఆవిడ కుర్చీ పక్కన కిటికీ గట్టు మీద ఒక ఇత్తడి కొవ్వొత్తి స్టాండు ఉండేది. జానెడు పొడవు, గుండ్రటి అడుగు. అది ఇత్తడని తెలియడానికే నాకు కొన్ని రోజులు పట్టింది, అంత నల్లబడి ఉంది. పైన గిన్నెలాంటి భాగం నిండా పసుపుపచ్చగా, గట్టిగా మైనం. ఒక వైపు నుంచి కారి అడుగుదాకా పేరుకుపోయి ఉంది. ఆవిడ రేడియో వింటూ ఆ మైనం మీద బొటనవేలు రాస్తూ ఉండేది. పెద్దవాళ్లకి చేతికి ఏదో ఒకటి ఉండాలి, మా అమ్మమ్మకి చీర కొంగు ఉన్నట్టు, అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

సోమవారం మధ్యాహ్నాలు ఊళ్లో ఫ్యాక్టరీల సైరన్ పరీక్ష జరుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ ఉలిక్కిపడలేదు గానీ రేడియో కట్టేసి, స్టాండు ఒళ్లో పెట్టుకుని, అది ఆగేదాకా అలాగే కూర్చుంది. ఆగాక నాకు దాని కథ చెప్పింది. రెండు మూడు సోమవారాల్లో ముక్కలుగా చెప్పింది, నేను ఒక్కచోట చెబుతున్నాను.

యుద్ధం రోజుల్లో ఆవిడ ఆరేళ్ల పిల్ల. హాలండ్‌లో వాళ్లకి చిన్న పొలం, పశువుల కొట్టం. కొట్టం అటక మీద గడ్డి మోపుల వెనక చెక్కలతో చేసిన గూట్లో ఒక యూదు జంటని వాళ్ల నాన్న దాచాడు. రెండేళ్లు దాచాడు. పాల గిన్నెలో సూపు పోసుకుని అటక ఎక్కే పని ఈ పిల్లది. ఎవరైనా అడిగితే పిల్లులకి పాలు పోస్తున్నానని చెప్పాలి. ఆ భార్యాభర్తలు ఇంటి నుంచి తెచ్చుకోగలిగింది ఒక బట్టల మూట. అందులో ఈ స్టాండు. జతలో రెండోదాన్ని దారిలో పిండి కోసం ఇచ్చేశారట. శుక్రవారం సాయంత్రం ఆ యువతి దీన్ని ముందు పెట్టుకుని, వెలిగించడానికి కొవ్వొత్తి లేక, కళ్లు మూసుకుని కాసేపు రెండు చేతుల్తో ముఖం కప్పుకునేది. ఆవిడ నాకు అది చేసి చూపించింది.

ఎవరో చెప్పేశారు. ఒక ఉదయం జర్మన్ సైనికులు వచ్చి గడ్డిలో ఇనప ఊచలు దించి వెతికారు. గూడు దొరకలేదు. ఇంటిముందు నిలబెట్టి నాన్నని అడిగారు. ఆయన ఒక్క మాటా చెప్పలేదు. ఆయన్ని తీసుకుపోయారు. యుద్ధం అయిపోయాక, క్యాంపులో చనిపోయాడని కబురు వచ్చింది. శవం లేదు. అటక మీది ఇద్దరూ బతికారు. వెళ్లిపోయే ముందు ఆ యువతి ఈ స్టాండుని వాళ్లమ్మ చేతిలో పెట్టి, మీకివ్వడానికి నా దగ్గర ఇంకేం లేదంది. ఆ జంట కెనడా వచ్చి విన్నిపెగ్‌లో స్థిరపడింది. తర్వాత కొన్నేళ్లకి వీళ్లమ్మ కూడా పిల్లల్ని తీసుకుని ఇక్కడికి వచ్చేసింది. ఏటా డిసెంబరులో విన్నిపెగ్ నుంచి కార్డు వచ్చేది, ఇటు నుంచి ఒకటి వెళ్లేది. ఒకే దేశంలో ఉండి కూడా రెండు కుటుంబాలూ ఒక్కసారీ కలుసుకోలేదు. ఎందుకని అడిగాను. తన వల్ల భర్తని పోగొట్టుకున్న మా అమ్మకి ఆ మనిషి ముఖం ఎలా చూపిస్తుంది, పాపం, అంది.

యూదులంటే నాకు సండే స్కూల్లో ఫ్లానెల్ బోర్డు మీద అతికించే కాగితం బొమ్మలు. గడ్డాలు, పొడుగు అంగీలు, ఒంటెలు. వాళ్ల రాజుల పేర్లు వరసగా చెప్పి బహుమతులు కూడా తెచ్చుకున్నాను. స్కూలు పుస్తకంలో హిట్లర్ పాఠంలో వాళ్ల గురించి ఒక పేరా ఉండేది, పరీక్షకి చదివి వదిలేశాను. ఆ పేరాలోని మనుషులు ఈవిడ తెచ్చిన సూపు తాగారని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. నేను తడి బూట్లతో వస్తే నాకు గది ఇచ్చారు, వాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని వస్తే గూడు ఇచ్చారు, ఇది ఈ ఇంటి అలవాటన్నమాట అనుకున్నాను. నాకు ఆవిడ మీద అంతులేని ప్రేమ పుట్టుకొచ్చింది. అదే కొంప ముంచింది.

మరుసటి ఏడాది అక్టోబరులో విన్నిపెగ్ నుంచి ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. అటక మీద బతికిన ఆనాటి యువతి తొంభై ఎనిమిదేళ్లకి కన్నుమూసింది. రాసింది ఆవిడ కూతురు, యుద్ధం తర్వాత కెనడాలో పుట్టినావిడ. అమ్మ బతికుండగా రాలేకపోయింది, నేనొచ్చి మిమ్మల్ని, ఆ స్టాండునీ ఒకసారి చూసి వెళ్లొచ్చా అని అడిగింది. మా పెద్దావిడ ఆ ఉత్తరం మూడుసార్లు చదివించుకుంది. నవంబరులో ఒక ఆదివారం రమ్మని నా చేత జవాబు రాయించింది. ఆ మూడు వారాలూ ఇంట్లో పండగే. కర్టెన్లు ఉతికాం. సూపు ఏం చెయ్యాలి, రాత్రి భోజనం దాకా ఉంటుందా, ఏ కుర్చీలో కూర్చోబెట్టాలి, ఇదే గొడవ. కర్టెన్లు దించి ఎక్కించి నా భుజాలు పడిపోయాయి.

శనివారం ఉదయం చర్చి స్నేహితురాలు వచ్చి ఆవిడని జుట్టు కత్తిరించుకోవడానికి తీసుకెళ్లింది. నేను ఇల్లంతా తుడిచి కిటికీ దగ్గరికి వచ్చేసరికి నల్లగా, మైనం పట్టి ఆ స్టాండు కనిపించింది. దాన్ని చూడటానికేగా ఆ మనిషి అంత దూరం నుంచి విమానమెక్కి వస్తున్నది. పాపం ఈవిడకి కళ్లు కనపడవు, ఎంత మాసిపోయిందో తెలియదు, ఇన్నాళ్లూ ఇంట్లో ఉండి నేను పట్టించుకోలేదు, రేపు ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది అనుకున్నాను. పైగా ఆ రోజు శనివారం. మా పాత రూమ్మేట్లు మిస్సిసాగాలో మనవాళ్ల కొట్లకి వెళ్లినప్పుడు నాకోసం తెచ్చిన చింతపండు పొట్లం కప్‌బోర్డులో ఉంది.

మరిగే నీళ్లు పోశాను. మైనం ఒకపట్టాన కరగలేదు, అంత పాతది. రెండోసారి పోశాను, మూడోసారి పోశాను. పసుపుపచ్చగా జారి సింకులోకి పోయింది. సందుల్లోది తలపిన్నుతో గీకాను. చింతపండు, ఉప్పు వేసి గంటసేపు రుద్దాను. నలుపు వదిలి లోపల్నుంచి ఇత్తడి బయటపడుతుంటే, నిజం చెబుతున్నాను, పాట పాడుకున్నాను. పొడిగుడ్డతో తుడిచి కిటికీ గట్టు మీద పెడితే ఎండ పడి గదంతా వెలుగొచ్చింది. అమ్మమ్మ చూసి ఉంటే బాగుండుననిపించింది.

ఆవిడ వచ్చింది. కోటు విప్పి, కుర్చీలో కూర్చుని, అలవాటుగా చెయ్యి చాపింది. బొటనవేలు జారిపోయింది. మళ్లీ పెట్టింది. తర్వాత రెండు చేతుల్తో తీసుకుని పైనుంచి కిందిదాకా తడిమింది, గిన్నెలో వేలు పెట్టి తిప్పింది. నేను ఎదురుగా నిలబడి మెచ్చుకోలు కోసం చూస్తున్నాను. అప్పటికీ నాకేం అర్థం కాలేదు.

"ఇందులో ఉన్నదేదీ?" అని అడిగింది.

తోమానని చెప్పాను. మైనం ఎక్కడ పెట్టావని అడిగింది. సింకులో పోయిందన్నాను. అప్పుడు చెప్పింది, నాకు ఇంతకుముందు చెప్పని ముక్క. నాన్న చనిపోయాడని కబురు వచ్చిన సాయంత్రం, అటక మీద నుంచి కిందికి వచ్చి వాళ్ల వంటింట్లోనే ఉంటున్న ఆ యువతి ఇల్లిల్లూ తిరిగి కొవ్వొత్తి ముక్కలు అడుక్కొచ్చి, కరిగించి, ఒక లావు కొవ్వొత్తి చేసింది. పోయినవాళ్ల కోసం వాళ్లు ఒక రాత్రీ పగలూ ఆరకుండా దీపం పెడతారట. కన్నవాళ్లకి పెట్టేది మా నాన్నకి పెట్టింది అని చెప్పింది ఆవిడ. అది కాలి, ఆరి, మైనం గడ్డకట్టాక అలాగే వాళ్లమ్మ చేతిలో పెట్టింది. వాళ్లమ్మ దాన్ని అలాగే ఓడలో తెచ్చింది. డెబ్భై ఏళ్లకి పైగా ఆ ఇంట్లో ఎవరూ దాని మీద ఇంకో కొవ్వొత్తి పెట్టలేదు, దుమ్ము పడినా ఊదేవారే గానీ తుడిచేవారు కాదు.

"మా నాన్నకి సమాధి లేదు," అంది ఆవిడ. "ఇదే ఉండేది."

అరిస్తే బాగుండేది. అరవలేదు. నేను వంటింట్లోకి పరిగెత్తి, సింకు కింద దూరి, పైపు విప్పాను. పానా ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు, వేళ్లు కొట్టుకుపోయాయి. బూడిదరంగు ముద్ద ఒకటి వచ్చింది. రోజూ వంట చేసిన నూనె, వెన్న, సూపు కొవ్వు, అన్నీ కలిసి ఉన్నాయి. ఏది కొవ్వొత్తి మైనమో, ఏది నిన్నటి కూర నూనో ఎలా చెప్పను? దాన్ని గిన్నెలో వేసుకుని నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ కర్ర పట్టుకుని గుమ్మందాకా వచ్చి, పైపు మళ్లీ బిగించు, నీళ్లు కారతాయి అని మాత్రం అంది.

మధ్యాహ్నం, ఇదివరకు బేస్‌మెంట్లో నాతో ఉన్న కరీంనగర్ అమ్మాయికి ఫోన్ చేశాను. రేపు ఆ విన్నిపెగ్ ఆవిడకి నేనే చెప్పేస్తానన్నాను. "నీకేమన్న పిచ్చా? మస్తు చలిల ఉన్నం. పరువు పోయి ముసలామె ఎల్లగొడితె ఎక్కడికి పోతవ్? మల్ల గీ బేస్‌మెంట్లకే వస్తవా? నోరు మూస్కొని టీ ఇయ్యి," అంది. నా మేలు కోరే అంది. ఆ మాట నాకు నచ్చలేదని ఆమెతో వాదించాను కూడా. కానీ ఫోన్ పెట్టేశాక నా గది, మంచం, కిటికీ ఒకసారి చూసుకున్నాను. ఆ చూసుకున్నది నాకింకా గుర్తుంది.

సాయంత్రం సూపు తాగుతూ ఆవిడ, బాగా మెరుస్తోందా అని అడిగింది. మెరుస్తోందన్నాను. సరేలే, రేపొచ్చే ఆవిడకి కళ్లు కనిపిస్తాయి కదా అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను, లేదు. అందుకే ఇంకా తట్టుకోలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం విన్నిపెగ్ ఆవిడ అద్దె కారులో వచ్చింది. డెబ్భైకి దగ్గరగా ఉంటుంది, పొట్టి తెల్లజుట్టు, గట్టి మనిషి. గుమ్మంలోనే మా పెద్దావిడని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. విన్నిపెగ్ ఆవిడ సంచిలోంచి తల్లి ఫొటో తీసి, ఎదుటి మనిషికి కనపడదని గుర్తొచ్చి, ఫొటోలో ఏముందో చెప్పడం మొదలుపెట్టింది. సంచిలో ఒక కొత్త కొవ్వొత్తి కూడా ఉంది, కాగితం చుట్టి. ఎందుకు తెచ్చుకుందో నాకు తెలిసిపోయింది. నేను టీ ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను.

పెద్దావిడ స్టాండు ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ అటూ ఇటూ తిప్పింది. మైనం ఏమైందని అడిగింది. ఆ మైనం ఎప్పటికీ తియ్యబోమని మీ అమ్మగారు రాసిన ఉత్తరం మా అమ్మ దిండు కింద పెట్టుకునేది, చివరి రోజుల్లో కూడా అదే తలుచుకుంది, నేనూ దాని మీదే ఇంకొకటి వెలిగిద్దామని వచ్చాను అంది.

నాకూ వాళ్లకీ మధ్య మూడడుగులు. నేనే తీశానని చెప్పడానికి ఇంగ్లిష్‌లో మూడు ముక్కలు చాలు. నోట్లో మాట సిద్ధంగా ఉంది.

"నేనే తీసేశాను," అంది పెద్దావిడ. "మీరొస్తున్నారని శుభ్రం చేశాను."

విన్నిపెగ్ ఆవిడ స్టాండుని బల్ల మీద పెట్టింది, చేతిలో ఉంచుకోవడం ఇష్టం లేనట్టు. ఫొటో సంచిలో పెట్టేసుకుంది. కొవ్వొత్తి బయటికి రానే లేదు. ప్రయాణం గురించి, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడింది. రాత్రి భోజనం దాకా ఉంటుందనుకున్న మనిషి అరగంటలో లేచింది. నేనిచ్చిన టీ ముట్టుకోలేదు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "ఇది వినకుండానే మా అమ్మ పోయింది, మంచిదైంది," అంది. ఆ మాట పెద్దావిడకి వినిపించింది.

కారు వెళ్లిపోయాక నేను ఆవిడ కుర్చీ దగ్గర కూలబడి ఎందుకలా చెప్పారని అడిగాను. ఆవిడకి అది అడగాల్సిన ప్రశ్న కాదన్నట్టుంది.

"ఆవిడ రేపు తన ఇంటికి వెళ్లిపోతుంది. నువ్వుండేది ఇక్కడ," అంది.

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కూడా వచ్చింది. నన్ను దాచమని ఎవరడిగారు? నా వెనక తుపాకులు పట్టుకుని ఎవరూ రావడం లేదు. నేను తప్పు చేశాను, నలుగురి ముందు ఒప్పుకుని తలవంచుకుంటే అయిపోయేది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తానని లేచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, తను బతికుండగా చెప్పొద్దంది. మాట తీసుకుంది. ఇచ్చాను. ఆ మాట ఇవ్వడం నాకు ఎంత తేలికగా ఉందో కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత ఆవిడ చెయ్యి కిటికీ గట్టు వైపు వెళ్లడం మానేసింది. సోమవారం సైరన్ మోగినప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. డిసెంబరు మొదట్లో విన్నిపెగ్‌కి ఎప్పటిలాగే కార్డు పంపాలంది. ఆవిడ చెప్పింది, నేను రాశాను, పోస్టులో వేశాను. అటు నుంచి కార్డు రాలేదు. క్రిస్మస్ వెళ్లింది, జనవరి వెళ్లింది. రోజూ నేను పెట్టె దగ్గర్నుంచి రాగానే ఏమొచ్చాయని అడిగేది. కరెంటు బిల్లు, చర్చి పత్రిక అని చెప్పేదాన్ని. ఇంకేం లేవా అని అడిగేది కాదు. ఒకరోజు అడగడం కూడా మానేసింది. నా కళ్ల ముందు ఒక మనిషి నా తప్పు మోస్తూ చిక్కిపోతుంటే నేను అసైన్‌మెంట్లు చేసుకున్నాను, షిఫ్టులకి వెళ్లాను, పరీక్షలు పాసయ్యాను.

ఏప్రిల్లో ఆవిడ నిద్రలోనే పోయింది. మిస్సిసాగా నుంచి వచ్చిన మేనల్లుడు ఇల్లు సర్దుతూ నీకేమైనా గుర్తుగా కావాలా అని అడిగాడు. నాకేం వద్దు గానీ ఆ స్టాండుని ఒకరికి పంపాలన్నాను. తీసుకెళ్లమన్నాడు. అప్పటికి దాని మెరుపు చాలావరకు తగ్గింది. తుడవకుండానే పెట్టెలో పెట్టి, విన్నిపెగ్ చిరునామా రాసి, ఉత్తరం జత చేశాను. చింతపండు దగ్గర్నుంచి టీ ట్రే దాకా అంతా రాశాను. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. మైనం తీసింది ఆవిడ కాదు, నేను అని మాత్రం మూడు చోట్ల రాశాను.

జూన్‌లో జవాబు వచ్చింది. స్టాండు అందిందట. నా మీద ఒక్క కఠినమైన మాట లేదు. డిసెంబరులో సార్నియా నుంచి కార్డు వస్తే, కవరు మీద చిరునామా చూసి, తెరవకుండానే చించి పారేశానని రాసింది. ఆ రోజు నుంచి పెద్దావిడ గురించి తలుచుకోవడానికి కూడా ఇష్టపడలేదట. ఇప్పుడు నిద్ర పట్టడం లేదట. ఆ కార్డులో ఏం రాసి ఉందో మీకేమైనా గుర్తుందా, గుర్తుంటే చెప్పగలరా అని అడిగింది.

గుర్తు లేకపోవడం ఏమిటి, నా చేత్తోనే కదా రాశాను. మంచు ఈసారి తొందరగా మొదలైంది. నా తుంటి నొప్పి ఎప్పటిలాగే ఉంది. అంత దూరం నుంచి వచ్చారు, టీ కూడా తాగకుండా వెళ్లారు, ఇంకోసారి రండి. మీ అమ్మగారి గొంతు నాకిప్పటికీ గుర్తుంది, మీది అలాగే ఉంది. నా దగ్గర ఉంటున్న అమ్మాయి మంచి పిల్ల, ఇల్లు శుభ్రంగా ఉంచుతుంది.

ఆ చివరి వాక్యం పెద్దావిడ చెప్పినప్పుడు నా పెన్ను ఆగిపోయింది. రాశావా అని అడిగింది. రాశానన్నాను. రాయలేదు. కళ్లు కనపడని మనిషికి అబద్ధం చెప్పి, కవరు అతికించేశాను. ఇప్పుడు విన్నిపెగ్‌కి జవాబుగా పంపే కాగితం మీద మాత్రం ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఆ వాక్యంతో సహా, మొత్తం రాశాను.